చెక్కిన చోటే వెలుగు!

కాన్వాసు లేదు, కుంచె లేదు. నేలమీద పరిచే పట్టా ముక్క, చేతిలో చిన్న ఉలి... వాటితోనే ఆకలిని, బాల్యాన్ని అచ్చేసిన చిత్రకారుడు చిత్తప్రసాద్.

బంగాళాదుంపను రెండు చెక్కలు చేసి, బ్లేడుతో 'ఏప్రిల్ ఫూల్' అని చెక్కి, సిరా పూసి స్నేహితుడి తెల్లచొక్కా మీద టపీమని కొట్టడం... ఒకప్పుడు బడి పిల్లలకు అదో పండగ. మొదటిసారి చేసినవాళ్లందరికీ ఒకటే అనుభవం. చొక్కా మీద అక్షరాలు తిరగబడి పడతాయి! మరుసటి ఏడాదికి తెలివొచ్చి అద్దంలో కనిపించేలా తిప్పి చెక్కుతారు. లినోకట్ చిత్రకారుడు నేర్చుకునే మొదటి పాఠమూ అదే. కాకపోతే అతని చేతిలో దుంపకు బదులు లినోలియం ముక్క ఉంటుంది.

లినోలియం బొమ్మల కోసం పుట్టింది కాదు. అవిసెనూనెను చిక్కబరిచి, కార్క్ పొడిలాంటివి కలిపి, గోనెపట్టా మీద పరిచి తయారుచేస్తారు. ఇళ్లలో నేలమీద వేసుకోవడానికని ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ 1860ల్లో దీన్ని రూపొందించాడు. చవక, మెత్తన. అన్నిటికన్నా ముఖ్యం... చెక్కకు ఉన్నట్టు దీనికి నార ఉండదు. చెక్క మీద ఉలి నార వెంట పోతే సాఫీగా సాగుతుంది, అడ్డంగా పోతే మొండికేస్తుంది. లినోలియం మీద ఎటు తిప్పినా ఒకటే. అందుకే చిత్రకారులు దాన్ని నేలమీంచి లేపి బల్లమీదికి తెచ్చుకున్నారు. దండి యాత్ర జరిగిన 1930లోనే శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ చేతికర్రతో నడుస్తున్న గాంధీని నల్లటి నేపథ్యం మీద తెల్లటి గీతల్లో చెక్కారు. చాలామందికి ఆ 'బాపూజీ' బొమ్మ గుర్తుండే ఉంటుంది. అదీ లినోకట్టే.

తీసేస్తే తిరిగిరాదు

పని మొదలయ్యేది పెన్సిలుతో. అనుకున్న బొమ్మను తిరగేసి లినోలియం మీద దింపుతారు. పట్టా చలికి బిరుసెక్కితే కాసేపు ఎండలో పెడితే చాలు, ఉలికి లొంగుతుంది. సన్నగీతకు 'వి' ఆకారపు ఉలి, వెడల్పుగా తొలచడానికి 'యు' ఆకారపు ఉలి. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. ముందుకు పెట్టారో, ఉలి జారితే వేలు తెగుతుంది!

అసలు కష్టం చేతికి కాదు, బుర్రకి. కాగితం మీద గీసేటప్పుడు తెలుపు ముందే ఉంటుంది, నలుపు చేరుస్తాం. ఇక్కడ అంతా తలకిందులు. ఏమీ చెక్కకుండా అచ్చేస్తే వచ్చేది నల్లటి పలక. ఉలి తీసేసిన చోటే కాగితం తెల్లగా మిగులుతుంది. అంటే చిత్రకారుడు చెక్కేది వెలుగునన్నమాట. ఒక కంటికింది ముడతను పొరపాటున చెక్కేస్తే అతికించడానికి లేదు. ఆ ముఖానికి ఆ ముడత ఇక లేనట్టే.

చెక్కడం అయ్యాక రోలరుతో చిక్కటి సిరాను పల్చగా పూస్తారు. మీద కాగితం పరిచి, ప్రెస్సు ఉంటే ప్రెస్సుతో, లేకపోతే చెంచా వీపుతో మెల్లగా రుద్దుతారు. మూల పట్టుకుని కాగితం ఎత్తేదాకా ఏం వచ్చిందో తెలియదు. సిరా ఎక్కువైతే సన్నగీతలు పూడిపోతాయి, తక్కువైతే నలుపు వెలవెలబోతుంది. మొదటి ప్రతి చూసి మళ్లీ ఉలి పట్టడం మామూలే.

రంగులు కావాలంటే ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు చెక్కాలి. మన పెడనలో కలంకారీ బట్టలకు టేకు దిమ్మలు చెక్కేవారు చేసేది అదే. గీతకొక అచ్చు, నింపే రంగుకొక అచ్చు. పికాసో 1959 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని వల్లోరిస్‌లో ఇంకో దారి పట్టాడు. ఒకే పలకను కొంత చెక్కి ఒక రంగు అచ్చేసి, మళ్లీ చెక్కి దానిమీదే ఇంకో రంగు... చివరికి పలకలో చాలావరకు మాయం! ఇంకో ప్రతి కావాలన్నా వేయలేరు. చిత్తప్రసాద్‌కి అలాంటి పద్ధతి బొత్తిగా పనికిరాదు. ఆయనకు కావలసింది ఒకటి కాదు, వందల ప్రతులు.

ఐదువేల ప్రతులు బూడిద

చిత్తప్రసాద్ 1915లో బెంగాల్‌లోని నైహతిలో పుట్టారు. పేరు చివర భట్టాచార్య అని ఉండేది. అది కులాన్ని చెబుతోందని తీసేశారు. 1943లో బెంగాల్ కరవు వచ్చింది. లక్షలమంది తిండి లేక చనిపోతుంటే కమ్యూనిస్టు పార్టీ తరఫున ఆయన మిడ్నపూర్ జిల్లాలో ఊరూరా తిరిగారు. కనిపించిన మనిషినల్లా సిరాతో గీసి, చూసిందంతా రాశారు. అదే 'హంగ్రీ బెంగాల్' పుస్తకం. ఆంగ్ల ప్రభుత్వం ఊరుకోలేదు. ఐదువేల ప్రతులను స్వాధీనం చేసుకుని తగలబెట్టింది. కుటుంబం దాచుకున్న ఒక ప్రతి మిగిలింది. దాని ఆధారంగా 2011లో ఢిల్లీ ఆర్ట్ గ్యాలరీ మళ్లీ అచ్చువేసింది.

కాగితం కాలిపోతుంది. పలక ఇంట్లో ఉంటే మళ్లీ సిరా పూయొచ్చు. సామాన్యుడికి బొమ్మ అందాలంటే అచ్చుబొమ్మే దారి. ఒక్కటే ఉండే తైలవర్ణ చిత్రం ధనవంతుడి గోడెక్కుతుంది. లినోకట్ ప్రతి కూలివాడి గుడిసెకూ చేరగలదు. 1946లో బొంబాయి వచ్చిన చిత్తప్రసాద్ ఆ తర్వాత కొన్నాళ్లకు పార్టీకి దూరమయ్యారు కానీ ఈ నమ్మకానికి దూరం కాలేదు. అంధేరీలో ఉంటూ, డబ్బుకు ఎప్పుడూ కటకటే అయినా, పలకలు చెక్కుతూనే ఉన్నారు. రైతులు, కూలీలు, తల్లులు... మధ్యలో పిల్లల కోసం తోలుబొమ్మలాటలాంటి బొమ్మలాట బృందమొకటి. దాని పేరు 'ఖేలాఘర్'.

పిల్లలంటే ఆయనకున్న ప్రేమంతా ఒక వరసలో కనిపిస్తుంది. 1952లో చెక్కిన ఇరవైరెండు లినోకట్లు. పేరు 'ఏంజెల్స్ వితౌట్ ఫెయిరీ టేల్స్'. కథలు చెప్పేవాళ్లు లేని దేవదూతలన్నమాట. ఆటలాడాల్సిన వయసులో పనిచేసే పిల్లల బొమ్మలవి. జాలి పుట్టించడానికి కన్నీళ్లు కార్చిన ముఖాలు వాటిలో వెతకనక్కర్లేదు. చుట్టూ దట్టమైన నలుపు, అందులోంచి ఉలి తవ్వితీసిన చిన్న చేతులు, పెద్ద కళ్లు. అంతే. లినోకట్‌కి నలుపు ఎందుకంత నప్పుతుందో ఈ బొమ్మలు చూస్తే వేరే చెప్పక్కర్లేదు.

ఆ బొమ్మలు పుస్తకంగా రావడానికి మాత్రం చాలా ఏళ్లే పట్టింది. 1969లో, అదీ ఇక్కడ కాదు... డెన్మార్క్‌లోని యునిసెఫ్ కమిటీ ప్రచురించింది. తర్వాత తొమ్మిదేళ్లకు, 1978లో చిత్తప్రసాద్ కన్నుమూశారు. పలక మీద ఎనిమిదేళ్లవాడిగా నిలిచిపోయిన కుర్రాడెవరైనా బతికుంటే, పుస్తకం వచ్చేనాటికి వాడికి పాతికేళ్లు.