కణితిని కాల్చే సూదికి మంచునీళ్లు

కాలేయంలో కణితిని కాల్చే గదిలో మంచుగడ్డలు వేసిన నీళ్ల గిన్నె ఒకటి కనిపిస్తుంది. ఆ పని చేసే రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్ యంత్రం ఎదిగిన తీరు తెలిస్తే ఆ గిన్నె ఎందుకో అర్థమవుతుంది.

ఈ యంత్రానికి తాత, ఆపరేషన్ థియేటర్లలో అందరూ కాటరీ అని పిలిచే, కరెంటుతో కోసి రక్తస్రావం ఆపే పరికరమే. 1926 అక్టోబరు 1న బోస్టన్‌లో న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్ దాన్ని చేతపట్టి, రక్తస్రావం ఆగక కొద్దిరోజుల ముందు మధ్యలోనే వదిలేసిన తల కణితిని తీసేశాడు. యంత్రం చేసిచ్చిన విలియం బోవీ అసలు సర్జన్ కాదు, వృక్షశాస్త్రం చదివినవాడు. పేటెంటును ఒక్క డాలరుకు ఇచ్చేశాడంటారు.

అదే రకం కరెంటును సన్నటి సూదితో కాలేయం లోపలికి పంపొచ్చని 1990లో ఇటలీలో, కాలిఫోర్నియాలో వేర్వేరు బృందాలు జంతువుల మీద చూపించాయి. ఇక్కడ చాలామంది పొరబడతారు, సూది కొలిమిలో పెట్టిన ఇనుములా ఎర్రబడుతుందని. అలా ఏమీ జరగదు. కరెంటు సెకనుకు దాదాపు 5 లక్షల సార్లు ముందుకూ వెనక్కూ పారుతుంటే చుట్టూ ఉన్న కణజాలంలోని అయాన్లు అటూ ఇటూ ఊగి, ఆ రాపిడికి వేడి పుడుతుంది. 60 డిగ్రీలు దాటితే కణాలు క్షణాల్లో చచ్చిపోతాయి.

మరి పవరు పెంచితే సరిపోదా? చిక్కంతా అక్కడే వచ్చింది. 100 డిగ్రీలకు నీరు ఆవిరై, సూది చుట్టూ మాంసం ఎండి మాడిపోయేది. ఆ మాడు కరెంటును అడ్డుకునేది, యంత్రం ఆగిపోయేది. తొలి సూదులు కాల్చగలిగింది సుమారు 1.6 సెంటీమీటర్ల వెడల్పే.

దీనికి రెండు దారులు దొరికాయి. ఒకటి, లోపలికెళ్లాక గొడుగు ఊచల్లా విచ్చుకునే సూది. నాకు నచ్చింది రెండోది: బోలు సూది లోపల పంపుతో మంచునీళ్లు తిప్పడం. మొన చల్లగా ఉంటే పక్కనున్న కణజాలం మాడదు, కరెంటు ఆగదు, వేడి ఇంకా దూరం పాకుతుంది. 12 నిమిషాల్లో 3 సెంటీమీటర్ల దాకా కాలుతుంది. అల్ట్రాసౌండ్ తెర మీద ఆవిరి బుడగలు తెల్లటి మబ్బులా కమ్ముకుంటాయి. కణితి అంచు ఆ మబ్బులో మాయమవుతుంది, కాబట్టి పని పూర్తయిందో లేదో తేల్చడానికి తర్వాత సీటీ స్కాన్ కావాలి.

పెద్ద రక్తనాళం పక్కనుంటే మాత్రం పారే రక్తం వేడిని మోసుకుపోతుంది, అక్కడ కొన్ని కణాలు బతికిపోతాయి. అందుకే ఇప్పుడు మైక్రోవేవ్ సూదులకు గిరాకీ. పారే రక్తం గానీ మాడిన పొర గానీ వాటికి అంతగా అడ్డురావు, రేడియో ఫ్రీక్వెన్సీలోలా కరెంటు తిరిగి వెళ్లేందుకు తొడలకు ప్యాడ్లు అంటించే పనీ లేదు. కానీ ఆ సూది కాడ తనంతట తానే వేడెక్కి దారిలో చర్మాన్ని కాల్చగలదు. దానికీ నీళ్ల గొట్టం తగిలించాల్సి వచ్చింది.