రొమ్ము క్యాన్సరు శస్త్రచికిత్స – వెన్నెముక తీరు

మనిషి నిటారుగా నిలబడడం అతి సహజంగా తోచే విషయం. కాని శరీరశాస్త్ర దృష్టితో పరిశీలిస్తే అది క్షణక్షణం జరుగుతూ ఉండే సర్దుబాటు. వెన్నెముకను గుడారపు స్తంభం అనుకుంటే, దాని చుట్టూ ఉన్న కండరాలు ఆ స్తంభాన్ని నాలుగు దిక్కుల నుండి పట్టి ఉంచే త్రాళ్ళు. ఒకవైపు త్రాడు బిగిసినచో స్తంభం అటే ఒరుగుతుంది. రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగిన స్త్రీలలో పలువురు కొంతకాలం గడచిన పిమ్మట భుజం, మెడ, వీపు నొప్పులతో బాధపడడానికి ముఖ్యకారణం ఇందులోనే కలదు. వైద్యులకు విదితమైన ఈ సంగతి మన ఇళ్ళలో అంతగా తెలియదు. అందుచేతనే దీనిని ఈ సంచికలో ప్రస్తావించదలచాము.

మొదట కొంత చరిత్ర అవసరం. 1894లో అమెరికా దేశపు శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ ప్రకటించిన పద్ధతిలో రొమ్ముతో పాటు దాని క్రింది ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కూడా తొలగించేవారు. ప్రాణం దక్కినా ఛాతీ గుంటపడేది, భుజం కుంగేది. 1948లో లండనులో డేవిడ్ పేటీ ఛాతీ పెద్ద కండరాన్ని నిలిపి ఉంచే పద్ధతిని ప్రకటించాడు. గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, తగిన రోగులలో ఆయుఃప్రమాణం తగ్గదని బెర్నార్డ్ ఫిషర్ బృందం 1985లో నిరూపించింది. కోత తగ్గుతూ వచ్చిన కొలదీ శరీరపు తీరు కూడా మెరుగుపడింది. అయితే మన దేశంలో వ్యాధి ముదిరిన పిదప వైద్యుని వద్దకు వచ్చేవారే అధికం. కనుక రొమ్మును పూర్తిగా తొలగించవలసిన సందర్భాలు నేటికీ ఎక్కువే.

ఒక ప్రక్క రొమ్మును తొలగించినపుడు కొన్ని వందల గ్రాముల బరువు ఒక్కసారిగా పోతుంది. శరీరం దానిని సరిచేసుకొనే యత్నంలో ఒక భుజం పైకి లేస్తుంది, మొండెం కొద్దిగా ప్రక్కకు తిరుగుతుంది. కాని మా దృష్టిలో బరువు తేడా కంటే బిగువే పెద్ద శత్రువు. గాయం మానే క్రమంలో మచ్చ ముడుచుకొంటుంది. రేడియేషన్ పొందిన కణజాలం నెలల తరబడి గట్టిపడుతూ పోతుంది. చంక నుండి మోచేతి వరకు చర్మం క్రింద సన్నని త్రాళ్ళు లాగినట్లు కొందరికి తోస్తుంది. ఇవన్నీ కలసి భుజాన్ని ముందుకు, క్రిందికి లాగుతాయి. చంక గ్రంథులు తీసేటపుడు రెక్క ఎముకను ప్రక్కటెముకలకు అదిమి ఉంచే కండరపు నరం దెబ్బతిన్నచో, ఆ ఎముక వీపు మీద రెక్క వలె పైకి లేస్తుంది. చేయి వాచినచో దాని బరువు మరొక భారం. క్రమంగా వీపు పైభాగం గూనిగా వంగుతుంది. చూపు నిలుపుకొనడానికి మెడ ముందుకు సాగుతుంది. నొప్పి అక్కడ ఆరంభమవుతుంది.

ఇంతవరకు కత్తి చేసిన పని. మిగిలినది ఇంటిలో జరుగుతుంది. 2022లో విశాఖపట్నం జిల్లా నుండి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరిన మన చోడవరం నుండి శస్త్రచికిత్సకు వెళ్ళాలంటే విశాఖలోని కింగ్ జార్జి ఆస్పత్రి ఉన్నది. అనకాపల్లి దాటి విశాఖ వెళ్ళే దారిలో అగనంపూడి వద్ద టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి కలదు. ఆస్పత్రిలో ఉండేది కొద్ది దినాలే. తిరిగి వచ్చిన తల్లిని చూచి ఇంటిల్లిపాదీ ప్రేమతో చెప్పే మాట ఒక్కటే: “చెయ్యి కదపకమ్మా, పైకి ఎత్తకు.” ఆమె కూడా ఖాళీ అయిన వైపు కనబడకుండా పైటనో, దుపట్టానో, బురఖానో ముందుకు లాగుకొని భుజాలు ముడుచుకొంటుంది. ప్రేమ ఒకవైపు, సిగ్గు మరొకవైపు ఆ వెన్నును వంచుతాయి. కదలని భుజం కొన్ని వారాలలోనే బిగుసుకొనిపోతుంది.

నిజానికి శస్త్రచికిత్స మరునాటి నుండే వ్రేళ్ళు, మణికట్టు, మోచేయి కదపవచ్చును. గాయం నుండి నీరు తీసే గొట్టం ఉన్నంతవరకు చేతిని భుజం ఎత్తు మించనీయరాదు. వైద్యుడు అనుమతించిన పిమ్మట గోడకు ఎదురుగా నిలబడి వ్రేళ్ళను పైకి ప్రాకించాలి. నేడు అందిన చోట సుద్దముక్కతో గీత గీసి, రేపు దానికి కొంచెం పైకి అందుకొనాలి. ఖరీదైన పరికరం ఏదీ దీనికి అక్కరలేదు. జడ వేసుకొనడం, దండెం మీద బట్టలు ఆరవేయడం కూడా వ్యాయామాలే. గోడకు వీపు ఆనించి, రెక్క ఎముకలు రెండింటినీ వెనుకకు దగ్గరగా తెచ్చి కొన్ని క్షణాలు నిలుపుట వెన్నుకు మిక్కిలి మేలు.

నీళ్ళ బిందె సంగతి వేరుగా చెప్పాలి. చంకన పెట్టుకొంటే ఆరోగ్యవంతురాలి నడుమైనా ఒక ప్రక్కకు ఒంగవలసిందే. చేయి వాస్తుందన్న భయంతో ఈ స్త్రీలు జన్మలో బరువు ఎత్తరాదని వెనుక చెప్పేవారు. 2009లో అమెరికాలో కాథరిన్ ష్మిట్జ్ బృందం జరిపిన పరిశోధన, పర్యవేక్షణలో కొద్దికొద్దిగా పెంచుతూ పోయిన బరువుల వలన వాపు అధికం కాలేదని తేల్చింది. కనుక నిండు బిందెతో ఆరంభించరాదు గాని, చిన్న చెంబుతో ఆరంభించుటకు భయపడనక్కరలేదు.

గాయం పూర్తిగా మానిన తరువాత రవికలో అమర్చుకొనే కృత్రిమ రొమ్ము దొరుకుతుంది. రెండవ వైపుకు సరితూగే బరువు గలదైతే భుజాల సమత్వానికి తోడ్పడుతుంది. దుస్తులు సరిగా కూర్చున్నాయన్న ధీమాతో స్త్రీ తలెత్తి నడవడం దాని రెండవ ప్రయోజనం. మాకు ఇదే మొదటిదిగా తోస్తుంది.

ఒక హెచ్చరిక మాత్రం మరువరాదు. ఈ వ్యాధి ఎముకలకు ప్రాకవచ్చును. కొన్ని హార్మోను మందుల వలన ఎముకలు పలుచబడడమూ కలదు. విశ్రాంతితో తగ్గక, రాత్రివేళ నిద్ర లేపే వెన్నునొప్పిని గాని, కాళ్ళలో కొత్తగా కలిగిన తిమ్మిరిని, నీరసాన్ని గాని కూర్చునే తీరు దోషమని త్రోసిపుచ్చక, తైలమర్దనాలతో దినాలు గడపక, వెంటనే చికిత్స చేసిన వైద్యునికే చూపించాలి.