‘అవసరం ఇల్లై’ అంటే వద్దనా?

మదురైలో ఒక పెద్దాయనకు గజ్జల్లో హెర్నియా. సర్జన్ పరీక్షించి "ఇప్పో అవసరం ఇల్లై" అన్నారు. పెద్దాయన సంతోషంగా ఇంటికొచ్చి, ఆపరేషన్ అక్కర్లేదట అని చెప్పారు. ఆరు నెలలు ఆ ఊసే ఎత్తలేదు. మా దగ్గరికి వచ్చింది కూడా అజీర్తికి జవారిష్ కోసమే!

తమిళంలో ‘అవసరం’ అంటే తొందర. ఆసుపత్రి తలుపు మీద ‘అవసర సిగిచ్చై’ అని ఉంటే అది ఎమర్జెన్సీ. మనం అవసరం అనేదాన్ని వాళ్లు ‘అవసియం’ అంటారు. డాక్టరు గారు తొందర లేదన్నారు గాని, వద్దనలేదు.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మన మదురై, కోయంబత్తూరు పాత పేటల వాళ్లకు ఈ తేడా తెలియనిదా? ఆ పెద్దాయన బజారులో రోజూ ఆ మాటను తమిళ అర్థంలోనే వాడతారు. కానీ కత్తి అంటే ఆయనకు చచ్చేంత భయం. ఆ భయంలో మనసు ఊరటనిచ్చే అర్థాన్నే పట్టుకుంది. పక్కనున్న కోడలికేమో ‘అవసరం’ అన్న ముక్కే చెవినపడి కాళ్లు చల్లబడ్డాయట.

యునానీలో ఆరోగ్యానికి తప్పనిసరి అయిన ఆరు కారణాల్లో ‘హరకత్ వ సుకూన్ నఫ్సానీ’, అంటే మనసు కదలిక, నెమ్మది ఒకటి. కోపంలో రూహ్ ఒక్కసారిగా బయటికి, భయంలో ఒక్కసారిగా లోపలికి పరుగెడుతుందని హకీములు చెప్పారు. ఇబ్న్ సీనా (980–1037) ‘అల్ ఖానూన్’లో ప్రేమవ్యాధికి ఒక ఉపాయం రాశారు: రోగి నాడి పట్టుకొని, వరుసగా పేర్లు పలకాలి. ఏ పేరుకు నబ్జ్ మారితే గుట్టు అక్కడుంది. అదే పేరు వేరొకరి చెవిన పడితే ఉత్త పేరే.

కాబట్టి డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. "మీరు చెప్పింది నాకిలా అర్థమైంది, సరేనా?" అని తిరిగి అడగండి. రోగికి పెద్ద సంగతి చెప్పేముందు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి.

ఇంకో మాట. హెర్నియాను ఏ మాజూన్ పూడ్చదు. వాపు గట్టిపడి, నొప్పి పెరిగి, లోపలికి పోకపోయినా, వాంతులైనా అప్పుడది నిజంగానే తమిళ ‘అవసరం’. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పెద్దాయన కొడుకుతో మళ్లీ సర్జన్ దగ్గరికి వెళ్లారు. ఈసారి తేదీ కాగితం మీద రాయించుకొని వచ్చారు.