పూత మెరుపు... గుడ్డ గీతలు
షోరూంలో అంటగట్టే వ్యాక్స్, సీలెంట్, సిరామిక్ పూతలు కారు రంగును నిజంగా కాపాడతాయా? కొంతవరకు కాపాడతాయి. కానీ అసలు ముప్పు రోజూ పొద్దున్నే బకెట్‌లో మునిగి వస్తుంది.

కారు బుక్ చేశారు. రుణం మంజూరైంది. ఏ రంగన్న దానిపై ఇంట్లో నడిచిన చర్చ కూడా ముగిసింది. సరిగ్గా అప్పుడు షోరూం కుర్రాడు మరో కాగితం ముందుకు జరుపుతాడు. బీమా, సీటు కవర్ల పక్కన 'పెయింట్ ప్రొటెక్షన్' అని ఒక గడి, దానికి ఎదురుగా ఐదంకెల మొత్తం. హైదరాబాద్ ఎండలకు పూత లేకపోతే రెండేళ్లలో రంగు వెలిసిపోతుందని హెచ్చరిస్తాడు. లక్షలు పోసి కొంటూ ఈపాటి ఖర్చుకు వెనకాడటమేమిటని పక్కనున్న బావమరిది వత్తాసు పలుకుతాడు. గడిలో టిక్కు పడుతుంది. నా కారుకీ అలాగే పడింది.

ఆ భయంలో నిజం పాళ్లెంతో తెలియాలంటే కారు రంగు ఎలా ఉంటుందో చూడాలి. ఫ్యాక్టరీలో రేకుకు ముందు ఫాస్ఫేట్ పూత వేస్తారు. తర్వాత బాడీని తొట్టెలో ముంచి విద్యుత్తు సాయంతో తుప్పును ఆపే ప్రైమర్‌ను పట్టిస్తారు. దానిపైన సాధారణంగా మరో ప్రైమర్, ఆపై రంగు, చివరన రంగులేని క్లియర్ కోట్. దీన్ని సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఇన్ని పొరలూ కలిపితే మందం 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 దాకా. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టూ ఉంటుందనుకుంటే, కారు మెరుపంతా వెంట్రుకలో సగం మందం మీద ఆధారపడి ఉందన్నమాట. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలను ఈ పొరలోనే కలుపుతారు. అంటే ఎండకు గొడుగు ఫ్యాక్టరీలోనే పట్టేశారు. పైన పూసే వ్యాక్స్ మందం మైక్రాన్ కూడా ఉండదు. ఆ కిరణాలను అది అడ్డుకునేది బహు స్వల్పం.

మరి వ్యాక్స్ మీద ఇంత నమ్మకం ఎక్కడిది? అది అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల కాలం నుంచి వచ్చిన వారసత్వం. అప్పట్లో రంగుపై క్లియర్ కోట్ ఉండేది కాదు. ఎండకు రంగే ఆక్సీకరణ చెంది సుద్దలా తయారయ్యేది. బానెట్ మీద చెయ్యి రాస్తే తెల్లటి పొడి అంటేది. పాలిష్‌తో ఆ పొడిని తీసి, వ్యాక్స్ పట్టిస్తే కారు కొత్తదానిలా నిగనిగలాడేది. ఆదివారం పూట తండ్రులు ఆ పని చేయడం చూసిన తరమే ఇప్పుడు షోరూంలో టిక్కు పెడుతోంది. కారు మారింది, అలవాటు మారలేదు.

అలాగని వ్యాక్స్‌ను పూర్తిగా కొట్టిపారేయలేం. పేరున్న కార్నౌబా వ్యాక్స్ బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఓ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. కరవు నేలలో తేమ పోకుండా ఆకు తనకు తాను పూసుకునే మైనమది. కారు మీద కూడా అలాంటి పనే చేస్తుంది. నీటిని జారుస్తుంది, మురికిని గట్టిగా అంటుకోనివ్వదు. ముఖ్యంగా పిట్ట రెట్ట, చెట్ల జిగురు, చచ్చిన పురుగులు పడినప్పుడు కాస్త వ్యవధి ఇస్తుంది. ఎండకు క్లియర్ కోట్ మెత్తబడి వ్యాకోచిస్తుంది. దానిపై రెట్ట ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడే రంగు ఆ గరుకు ఆకారానికి తగ్గట్టే బిగుసుకుంటుంది. తర్వాత ఎంత తుడిచినా మచ్చ పోదు. రెట్టలోని ఆమ్లం తన వంతు చేస్తుంది. మధ్యలో వ్యాక్స్ ఉంటే ముందు అది పాడవుతుంది. కానీ రెట్టను అదే రోజు తడిపి తీసేయాల్సిందే. రెండు రోజులు వదిలేస్తే ఏ పూతా కాపాడలేదు.

పైగా వ్యాక్స్ ఆయుష్షు తక్కువ. కార్నౌబా 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది. మే నెల మధ్యాహ్నం నల్ల కారు బానెట్ 70 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. కింద ఇంజను వేడి సరేసరి. కొన్ని వారాలు, మహా అయితే రెండు నెలలు. కృత్రిమ పాలిమర్లతో చేసే సీలెంట్లు నాలుగైదు నెలలు నిలుస్తాయి.

2000లలో 'టెఫ్లాన్ కోటింగ్' పేరుతో మన నగరాల్లో సాగిన వ్యాపారం వేరే కథ. పెనానికి పట్టించే టెఫ్లాన్ 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాన్ని పొరలా అతికించాలంటే అంతకు మించిన వేడి కావాలి. ఆ వేడికి కారు రంగే మాడిపోతుంది. కాబట్టి చేత్తో రుద్దే పూతలో టెఫ్లాన్ ఉన్నా, అది పెనం మీద చేసే పని కారు మీద చేయదు.

ఇప్పుడు ఆ సింహాసనం సిరామిక్‌ది. ఇది సిలికా ఆధారిత ద్రవం. రంగుకు గట్టిగా అతుక్కుంటుంది. శ్రద్ధగా వేసి, శ్రద్ధగా కడిగితే ఒకటి రెండేళ్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే నిలుస్తుంది. వ్యాక్స్ కన్నా ఇది మెరుగే. అతిశయమంతా '9హెచ్ కాఠిన్యం' దగ్గర మొదలవుతుంది. అది వజ్రంతో పోల్చే కొలబద్ద కాదు, పెన్సిల్ ములుకులతో గీసి చూసే పరీక్ష. 9హెచ్ అంటే అత్యంత గట్టి పెన్సిల్ అన్నమాట. ఎన్నికల ప్రణాళికలో వాక్యంలా అది అబద్ధం కాదు గానీ, విన్నవాళ్లు అనుకునేది మాత్రం వేరు. పక్కింటి పిల్లాడు తాళంచెవితో గీస్తే ఒకటి రెండు మైక్రాన్ల పొర ఏం ఆపుతుంది? రోడ్డు మీద ఎగిరే రాళ్ల దెబ్బలను నిజంగా తట్టుకునేది 150 నుంచి 200 మైక్రాన్ల మందముండే పాలీయురేథేన్ ఫిల్మ్ ఒక్కటే. కారంతా అతికిస్తే ఖర్చు లక్ష దాటొచ్చు. ముందు బంపర్, బానెట్ వరకు వేయించుకునేవాళ్లూ ఉన్నారు. హైవే ప్రయాణాలు ఎక్కువగా చేసేవారికి అది తెలివైన బేరం.

ఇంతకీ మన కార్ల మెరుపును ఎక్కువగా తినేది ఎండ కాదు, గుడ్డ. అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున జరిగే తంతు అందరికీ తెలిసిందే. ఒక బకెట్, ఒక గుడ్డ, పది కార్లు. రాత్రంతా పడిన దుమ్మును పొడిగుడ్డతోనో, నామమాత్రంగా తడిపిన గుడ్డతోనో తుడిచేస్తారు. హైదరాబాద్ గ్రానైట్ మీద కట్టుకున్న నగరం. అక్కడి దుమ్ములో క్వార్ట్జ్ రేణువులకు కొదవ లేదు. క్వార్ట్జ్ గాజును కూడా గీస్తుంది, ఇక క్లియర్ కోట్ ఎంత? మూడో ఏడాది ఎండలో నిలబెట్టి చూస్తే బానెట్ నిండా సాలెగూడులాంటి సన్నని గీతలు. విశాఖలో అయితే పోర్టు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము, సముద్రపు ఉప్పు తోడవుతాయి. బోరు నీళ్లు మరో సమస్య. తుడవకుండా ఆరనిస్తే సున్నపు మచ్చలు మిగులుతాయి. నీటిని ముత్యాల్లా నిలబెట్టే సిరామిక్ మీద ఆ మచ్చలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి.

ఆ గీతలు చూసి కారును షెడ్డుకు తీసుకెళితే 'రబ్బింగ్' చేస్తారు. చాలామంది పాలిష్, వ్యాక్స్ ఒకటేనని పొరబడేది ఇక్కడే. వ్యాక్స్ పొరను కలుపుతుంది. రబ్బింగ్ పొరను అరగదీస్తుంది. గీతలు పోయినట్టు కనిపించేది చుట్టూ ఉన్న క్లియర్ కోట్ తగ్గినందువల్లే. ఏటా చేయిస్తే అంచుల దగ్గర రంగు బయటపడుతుంది. ఎండకు పట్టిన గొడుగు అక్కడితో పోయినట్టే. ప్రమాదం తర్వాత మళ్లీ రంగు వేయించినవాళ్లకు ఇంకో జాగ్రత్త: షెడ్డు రంగు ఫ్యాక్టరీ అంత వేడిలో కాలదు. లోపలి ద్రావకాలు ఆవిరయ్యేదాకా నెల, రెండు నెలలు వ్యాక్స్ జోలికి పోకూడదు.

మళ్లీ షోరూం కాగితం సంగతికొద్దాం. కారు కావాలంటే పూత కూడా కొనాల్సిందేనని షరతు పెట్టడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నిర్బంధ వ్యాపార పద్ధతి. ఆన్‌రోడ్ ధరలో కలిపేసి ఉంటే తీసేయమని అడగొచ్చు. కంపెనీ వారంటీ పత్రం కూడా ఓసారి చదవాలి. రెట్ట, చెట్ల జిగురు, పరిశ్రమల కాలుష్యం వల్ల రంగుకు జరిగే నష్టాన్ని చాలా కంపెనీలు ముందే మినహాయిస్తాయి. ఆ నష్టాల దగ్గరే వ్యాక్స్ ఎంతో కొంత పనికొస్తుంది. అందుకు కొన్ని వందల రూపాయల డబ్బా, రెండు నెలలకో ఆదివారం చాలు. కారు మీద నీళ్లు బొట్లుగా నిలవకుండా పరుచుకుంటుంటే మళ్లీ పూయాల్సిన సమయం వచ్చినట్టే.

నా కారుకు పూసిన ఖరీదైన పూత మొదటి వానాకాలం దాకా నీళ్లను బాగానే జార్చింది. బానెట్ మీద రెట్ట మచ్చ ఒక్కటీ లేదు. గీతలు మాత్రం లెక్కపెట్టలేనన్ని. కార్లు తుడిచే కుర్రాడికి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు రెండు కొనిచ్చాను, ముందు నీళ్లు పోసి దుమ్ము దించాకే తుడవమన్నాను. తలూపాడు. నాలుగు రోజుల తర్వాత చూస్తే అదే గుడ్డతో పక్క ఫ్లాట్ వాళ్ల స్కూటర్ చక్రాలు తుడుస్తున్నాడు.