మిగిలిన కేన్సరును చూపు వెలుగు

శ్రీకాకుళం జిల్లాలోని పొందూరులో సన్నఖద్దరుకు నూలు వడకుటకు ముందు స్త్రీలు పత్తిని వాలుగచేప దవడతో దువ్వుదురు. ఆ దవడలోని సన్నని పళ్ళకు చిక్కి పత్తిలోని నలుసులు బయటపడును. ఈ పనిలో వారికొక సౌకర్యమున్నది. దూది రంగు వేరు, నలుసు రంగు వేరు; కనుక నలుసు కంటికి కనిపించును.

కేన్సరు కంతిని కోసి తీయు వైద్యునకు ఈ సౌకర్యము లేదు. పెద్ద కంతి చేతికి తగులును. దాని చుట్టును చెదరిన చిన్న ముక్కలు మాత్రము మంచి కండ రంగులోనే యుండును. అవి మిగిలిపోయినచో వ్యాధి తిరిగి తలయెత్తవచ్చును. పోనీ, అనుమానము కొలది ఎక్కువ కోసివేయుదమన్న మంచి అవయవమునకు హాని కలుగును. మెదడులో గోరంత మేర ఎక్కువ తీసినను మాటయో, నడకయో పోవచ్చును.

ఈ చిక్కును తీర్చుటకు శాస్త్రజ్ఞులు ప్రతిదీప్తిని ఆశ్రయించిరి. కొన్ని పదార్థములు ఒక రంగు కాంతిని పీల్చుకొని, వెంటనే వేరొక రంగు కాంతిని వెలువరించును. దీనికే ప్రతిదీప్తి అని పేరు. 1948లోనే అమెరికాలో జార్జి మూర్ అను శస్త్రవైద్యుడు ఫ్లోరసీన్ అను రంగుతో మెదడు కంతులను ఈ రీతిగా గుర్తింపజూచెను.

మరి రంగును కేన్సరు కణము నొద్దకు చేర్చుట ఎట్లు? ఇందుకు తోడ్పడినది ఫోలిక్ ఆమ్లము. ఆకుకూరలలో దొరకు ఈ విటమిను లేనిదే కణములు సక్రమముగా విభజన చెందజాలవు. దీనిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున కృత్రిమముగా తయారుచేసిరి. అండాశయపు కేన్సరు కణములలో పెక్కింటిపై ఈ ఆమ్లమును పట్టుకొను గ్రాహకములు చాల హెచ్చుగా నుండును. కనుక ఫోలిక్ ఆమ్లమును పోలిన అణువునకు రంగును జతచేసి రక్తములోనికి ఎక్కించినచో, ఎరతోపాటు గాలమును మ్రింగిన చేపవలె కేన్సరు కణము పట్టుబడును. 2011లో నెదర్లాండ్సులోని గ్రోనింగెన్‌లో ఈ పద్ధతిని రోగులపై పరీక్షించిరి.

తరువాత రూపొందిన పాఫోలాసయనిన్ అను మందును అండాశయపు కేన్సరు శస్త్రచికిత్సలో వాడుటకు 2021 నవంబరులో అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ అనుమతించినది. దీనిని శస్త్రచికిత్సకు 1 నుండి 9 గంటల ముందు సిరలోనికి ఎక్కింతురు. ఫోలిక్ ఆమ్లపు మాత్రలు గ్రాహకములను ముందే ఆక్రమించును గనుక, వానిని 48 గంటల ముందునుండియే మానవలెను. మందు వెలువరించు పరారుణ కాంతి కంటికి కనిపించదు. ప్రత్యేకపు కెమెరా దానిని తెరపై చూపును. పరీక్షలో 134 మంది స్త్రీలను పరిశీలింపగా, వారిలో 26.9 శాతమునకు కంటికిగాని, చేతికిగాని తెలియని కేన్సరు ముక్క ఒకటైనను ఈ వెలుగులో బయటపడినది.

అయినను వెలిగినదెల్లయు కేన్సరు కాదు. ఆ పరీక్షలోనే సుమారు ఐదుగురిలో ఒకరికి కేన్సరు లేనిచోట కూడ వెలుగు కనిపించినది. లోతున దాగిన ముక్క వెలుగు పైకి రాకపోవచ్చును. అందుచేత వైద్యుడు తన కంటిని, చేతిని విడనాడడు. తీసిన ముక్కను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించిన పిదపనే అది కేన్సరు అగునో, కాదో నిశ్చయింతురు.