పాత రికార్డులు, క్రొత్త ముద్రణములు

మా పాఠశాలకు బాచుపల్లి చుట్టుపట్లనుండి వచ్చు పిల్లల తండ్రులలో పెక్కుమంది హైటెక్ సిటీ కార్యాలయములలో పనిచేయువారు. గడచిన సంవత్సరము వారిలో నొకరు తాము క్రొత్తగా కొన్న పెద్ద నల్లని రికార్డు నొకదానిని పదవ తరగతివారికి చూపుటకై తెచ్చిరి. అమెరికాలో మెంఫిస్ పట్టణమున సన్ రికార్డ్సు అను చిన్న సంస్థ 1950 తరువాతి సంవత్సరములలో వెలువరించిన పాటల పునర్ముద్రణ మది. అట్ట క్రొత్తది, పలక క్రొత్తది, పాట మాత్రము డెబ్బది యేండ్లనాటిది. అప్పుడొక బాలుడు లేచి, "సార్, ఫోనులో ఊరక వినదగిన పాటను ఇంత ధర పెట్టి మరల అచ్చువేయుట యెందులకు? మన పాత పాటలను గూడ ఇట్లే అచ్చువేసిరా?" అని యడిగెను. నాడు నేను సరియైన ప్రత్యుత్తర మీయలేకపోతిని. ఆ బాకీ తీర్చుటకే యీ వ్యాసము.

ఆ రికార్డులోని పాటలను రాకబిల్లీ యందురు. తెల్లవారి పల్లెపాటయు, నల్లజాతివారి రిథం అండ్ బ్లూస్ సంగీతమును కలిసి పుట్టిన బాణీ యది. ఈ రెండవ పేరు 1949లో బిల్‌బోర్డ్ అను పత్రికవలన ప్రచారమునకు వచ్చినది. అంతకుముందు నల్లవారి పాటలకు "జాతి రికార్డులు" అని వేరొక పట్టిక కట్టెడివారు. సన్ సంస్థ యజమానుడు శాం ఫిలిప్స్ 1954 జూలైలో ఎల్విస్ ప్రెస్లీ యను పడుచువాని పాటను ముద్రించెను. అతనికి లోకఖ్యాతి కలిగెను గాని, ఆ కాలమున చిన్న సంస్థలలో పాడినవారు వందలు. వారి రికార్డులు కొలదిగా అమ్ముడుపోయి మరుగునబడినవి. 1975లో జర్మనీలో బేర్ ఫ్యామిలీ, 1978లో ఇంగ్లాండులో ఏస్ అను సంస్థలు బయలుదేరి, పాత టేపులను వెదకి, గాయకుల చరిత్రలతో సహా పునర్ముద్రణములు తెచ్చినవి. ఆ పాటలు నేటికిని వినబడుచున్నవన్న, అది చాలవరకు సేకరించువారి మొండిపట్టు ఫలమే.

ఇక మన సంగతి. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను గ్రామఫోను కంపెనీ ఉద్యోగి కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి పాటలను ముద్రించెను. కాలక్రమమున తెలుగు రంగస్థలపు గొంతుకలును రికార్డుల కెక్కినవి. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు గారల గానము నాటకము చూడని పల్లెలకు సయితము అట్లు చేరినది. పది అంగుళముల పలకలో ఒక ప్రక్క పట్టునది సుమారు మూడు నిమిషములు. "వన్స్ మోర్" కేకలకు పొంగి గడియసేపు రాగము తీయు నటుడు మూడు నిమిషములలో పద్యము ముగింపవలసివచ్చెను! కాబట్టి రికార్డులో మనము వినునది రంగస్థలగానమునకు సంక్షేపము మాత్రమే.

ఆ పలక లక్కతో చేసినది. మన మోదుగ, రేగు చెట్ల కొమ్మలపై లక్కపురుగు పెట్టు పదార్థమును శుద్ధిచేసి, అందు రాతిపొడి, దీపపుమసి మొదలగునవి కలిపి, వేడి అచ్చులో నొత్తెడివారు. లక్కకు ప్రపంచమునకంతకు హిందూదేశమే ముఖ్యమైన ఆధారము. అందుచేతనే రెండవ ప్రపంచయుద్ధమున, 1942లో, అమెరికా ప్రభుత్వము రికార్డులకు లక్క వాడుకను తగ్గించి, కంపెనీలు పాత పలకలను కరగించి మరల వాడుకొనవలసివచ్చెను. ఎన్ని గొంతుక లట్లు కరగిపోయెనో! 1948లో కొలంబియా సంస్థ వినైల్ అను ప్లాస్టిక్‌తో నిమిషమునకు 33 1/3 చుట్లు తిరుగు ఎల్పీని తెచ్చినది. దాని ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పాడును.

పునర్ముద్రణమునకు మొదట కావలసినది మూలము. మూలపు లోహపు అచ్చుగాని టేపుగాని దొరకినచో సగము పని యైనట్లే. అవియును నిత్యములు కావు. 2008లో హాలీవుడ్‌లో యూనివర్సల్ వారి భాండాగారము కాలినప్పుడు రిథం అండ్ బ్లూస్ మూల టేపులును కాలినవి. మూలము లేనిచో, ఎవరి యింటనో మిగిలిన పలకయే శరణ్యము. 78 పలక గాడికి అంగుళములో వేయింట మూడు భాగముల వ్యాసార్ధముగల సూదికొన తగును. ఎల్పీ గాడికి వేయింట ఒక్క భాగము చాలును. సన్నసూది పెద్దగాడిలో అడుగునబడి దుమ్మునే పాడును.

తరువాతి చిక్కు వేగము. 78 అని పేరేగాని, తొలినాటి పలకలన్నియు ఆ వేగమున ముద్రింపబడలేదు. 74 చుట్లతో ముద్రించిన దానిని 78తో త్రిప్పినచో శ్రుతి నూటికి అయిదు పాళ్లకు మించి హెచ్చును, అనగా ఇంచుమించు ఒక స్వరస్థానము. మూడు నిమిషముల పద్యము తొమ్మిది సెకండ్లు ముందుగా ముగియును. గణితము చదువు పిల్లలు లెక్కకట్టి చూచుకొనవచ్చును. మన నాటకపు రికార్డులలో దీనికొక సాక్షి కలదు: హార్మోనియము. దాని మెట్లు స్థిరములు. శ్రుతి రెండు మెట్ల నడుమ నిలిచినచో వేగము తప్పినదని సందేహింపవలెను.

పిమ్మట చిటపటలను కంప్యూటరుతో తీసివేయుదురు. ఇచట అత్యాశ చెరుపు. ఎక్కువ కడిగినచో స, శ, ష అను అక్షరములును కొట్టుకొనిపోవును. పద్యము వినవలెనన్న కొంత గరగర సహింపవలెనని నా యభిప్రాయము. ఇట్లు సిద్ధమైన ధ్వనిని లక్కవంటి పూతగల అల్యూమినియపు పలకపై చెక్కి, దానినుండి నికెల్ అచ్చు తీసి, వేడి వినైల్‌ను ఒత్తుదురు.

మనవారిలో ఘంటసాలగారి సినిమా పాటలు 78 రికార్డులనుండి ఎల్పీలకు సులువుగ చేరినవి. వాని కెల్లప్పుడు కొనువారు గలరు. రంగస్థల పద్యముల కట్టి భాగ్యము లేదు. అవి యిండ్లలోని పెట్టెలనే నమ్ముకొన్నవి. మదరాసులో వి.ఎ.కె. రంగారావుగారు వేలకొలది 78 రికార్డులు సేకరించి, వానినిగూర్చి వ్రాసి, మనకు చేసిన యుపకార మింతింత కాదు.

నా యపరాధ మొకటి చెప్పుకొందును. మా తాతగారి పెట్టెలో హరిశ్చంద్ర నాటకపు శ్మశానఘట్టము పద్యముల పలక యొకటి యుండెను. బలిజేపల్లి లక్ష్మీకాంతముగారి నాటకములో ఆ ఘట్టమున గుఱ్ఱము జాషువగారి పద్యములు చేర్చి పాడుట నటులకు వాడుక. గుంటూరు లూథరన్ మిషను ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేసిన కవి యగుటచే మా తాతగారికి ఆ పలకపై మక్కువ మెండు. దానికి బూజు పట్టెనని నేను స్పిరిటులో దూది ముంచి తుడిచితిని. లక్క స్పిరిటులో కరగునని శిక్షణ కళాశాలలో చదివినవాడనే! గాడులు తెల్లబారినవి. దాని నిప్పుడు త్రిప్పినచో హోరు తప్ప ఏమియు వినరాదు. అట్టి పలక మరియొకటి నాకు నేటివరకు దొరకలేదు.

కావున ఇంట లక్కపలకలున్న తల్లిదండ్రులకు మనవి. స్పిరిటు తగలనీయకుడు. మెత్తని పొడిబ్రష్షుతో దుమ్ము దులిపి, ఒకదానిపై నొకటి పేర్చక, నిలువుగ నుంచుడు. ఎండకు పెట్టిన వంగిపోవును. హక్కుల సందేహము గలవారికి ఒక మాట: మన చట్టము ప్రకారము ధ్వనిముద్రణముపై హక్కు ప్రచురణానంతరము 60 సంవత్సరములు, సాహిత్యముపై కవి మరణానంతరము 60 సంవత్సరములు. జాషువగారు 1971లో కాలధర్మము నొందిరి గనుక వారి పద్యములకు 2031 ముగియువరకు హక్కు గలదు.

ప్రశ్న యడిగిన బాలుడు సంక్రాంతి సెలవులకు అమ్మమ్మగారి యూరికి పోయి, గోనెసంచిలో చుట్టిన పలకలు నాలుగు తెచ్చెను. ఒకదానికి కాగితపు చీటి పూర్తిగ ఊడిపోయినది. అయినను చీటి అంచున, గాడులు ముగియుచోట, లక్కలోనే ఒత్తిన సంఖ్య యుండును. దీపమును ప్రక్కగా పెట్టి చూడగా అంకెలు కనబడినవి; వ్రాసికొంటిమి. 78కి తగిన సూదికై వ్రాసియున్నాము. అది వచ్చువరకు ఆ పలకలు గ్రంథాలయపు బీరువాలో నిలువుగ నున్నవి.