తీరప్రాంత గృహములలో తేమ, గాలి

‘బూజు’ అను మాటను మనము రెండు వేర్వేరు వస్తువులకు వాడుచున్నాము. పైకప్పు మూలలందు సాలెపురుగు అల్లునది ఒకటి. తడిగోడలమీదను, తోలుచెప్పులమీదను, పుస్తకముల అట్టలమీదను, మూత సరిగా పెట్టని ఊరగాయమీదను పుట్టునది మరియొకటి. మొదటిది చీపురుతో పోవును. రెండవది పోదు. అది ప్రాణముగల శిలీంధ్రము. పొడిచీపురుతో దులిపినచో కంటికి కానరాని దాని బీజములు గాలిలో లేచి ఇల్లంతయు వ్యాపించును. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు సముద్రమునకు చేరువలో కాపురముండువారికి ఈ రెండవ బూజుతో పరిచయము చాలినంత కలదు.

ఇది గోడల అందమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇండ్లలోని తేమ, బూజులను గూర్చి ప్రత్యేకముగా మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. తేమపట్టిన ఇండ్లలో నివసించువారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసము అధికముగా కనిపించుచున్నవని అందు తెలిపినది. పరుపులలోను, దిండ్లలోను నివసించు అతిసూక్ష్మమైన ధూళిపురుగులు కూడ తేమగాలిలోనే వృద్ధిపొందును. రోజులో అధికభాగము ఇంటిలోనే గడుపు పసిబిడ్డలకును వృద్ధులకును దీనివలన బాధ ఎక్కువ.

బూజునకు ఆహారము కొరవడదు. దుమ్ము, చెక్క, కాగితము, నూలుబట్ట - అన్నియు దానికి ఆహారమే. దానికి లోటు కాగలది తడి ఒక్కటే. కావున బూజును తుడుచుటకన్న తడి ఏ దారిని వచ్చుచున్నదో కనిపెట్టుట ముఖ్యము. ఆ దారులు మూడు.

మొదటి దారి గోడ. మిద్దెమీద నిలిచిన వాననీరు, గోడలోపల కారుచున్న గొట్టము, పునాదినుండి పైకి ప్రాకు చెమ్మ ఈ తరగతిలోనివి. సముద్రతీరమున వీనికి ఉప్పు తోడగును. గాలిలో తేమ సుమారు 75 శాతము దాటినచో ఉప్పు తనంతట తానే నీటిని పీల్చి కరగును. అందువలననే ఉప్పుపట్టిన గోడ వాన లేని దినములందు కూడ చెమర్చుచుండును, సున్నము పెచ్చులూడును. ఇట్టి గోడకు నూనెరంగు పూసినచో లోని చెమ్మ వెలుపలికి పోలేక రంగును పొక్కించును. ముందుగా నీటిని అరికట్టి, గోడను ఆరనిచ్చి, పిమ్మట సున్నము వేయుట మేలు. సున్నము చెమ్మను ఆరనిచ్చును. దాని క్షారగుణము బూజునకు సరిపడదు.

రెండవ దారి మన నిత్యకృత్యములు. వంటగ్యాసు ఒక కిలో మండినచో ఒకటిన్నర కిలోలకు మించిన నీరు ఆవిరియై గాలిలో చేరును. అనగా 14.2 కిలోల సిలిండరు ఒకటి ముగియునప్పటికి ఇరువది లీటర్లకు పైగా నీరు ఇంటిలో విడుదలయైనదన్నమాట. అన్నము, పప్పు ఉడుకునపుడు వచ్చు ఆవిరి దీనికి అదనము. స్నానపుగది ఆవిరి, గదిలో దండెములమీద ఆరవేసిన బట్టలు కూడ ఇట్టివే. పూర్వపు మండువా లోగిళ్ళలో నడుమ ఆకాశము కనబడుచుండెను. వేడెక్కిన గాలి ఆవిరితోసహా ఆ దారిన పైకి పోవుచుండెను. నాటుపెంకుల సందులగుండ కూడ గాలి ఆడుచుండెను. నేటి అంతస్తుల ఇండ్లకు ఆ వసతి లేదు. కావున వంట మొదలు పెట్టుటకు ముందే ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, వంట ముగిసిన పిమ్మటను కొంతసేపు నడుపవలెను. దానికెదురుగా ఒక కిటికీయైనను తెరచియుండవలెను. గాలి లోనికి వచ్చు దారి లేనిదే లోని గాలి వెలుపలికి పోజాలదు. బట్టలను బాల్కనీలోగాని, మిద్దెమీదగాని ఆరవేయవలెను.

మూడవ దారి వెలుపలి గాలి. చల్లని నీరు పోసిన చెంబు వెలుపల చెమర్చుట అందరును చూచినదే. ఏసీ గదిలో జరుగునదియు అదే. 30 డిగ్రీల వేడిమియు 80 శాతము తేమయు గల గాలి సుమారు 26 డిగ్రీలకు చల్లబడినంతనే నీటిని విడువసాగును. 22 డిగ్రీలవద్ద ఏసీ నడచిన గదిలో గోడలు, అద్దములు, బీరువా తలుపులు అంతకన్న చల్లగా ఉండును. కావున ఏసీ నడచుచుండగా కిటికీ తెరువరాదు. అట్లని రేయింబవళ్ళు మూసియుంచుటయు తగదు. మన ఊపిరితోనే ఆ గది గాలి చెడును. ఏసీ ఆపి, గది కొంత వెచ్చబడిన పిమ్మట ఎదురెదురు కిటికీలు తెరచి ఫ్యాను వేయవలెను. ఏసీ లేని ఇండ్లలో గాలి సాగుచుండుటే ప్రధానము. తెల్లవారుజామునకన్న మధ్యాహ్నమున గాలి వస్తువులను త్వరగా ఆరబెట్టును. పరుపులు, పుస్తకములు, బీరువాలు తెరచి ఉంచుటకు అది తగిన సమయము.

చిన్న తేమమాపకము ఒకటి గోడకు తగిలించుకొన్నచో ఊహతో పనిలేదు. ఇంటిలోని తేమ 60 శాతమునకు లోబడి ఉండుట మేలు. వర్షాకాలమున మన తీరమున అది కుదరని దినములు పెక్కు. అట్టి దినములలో ఇంటివారు పడుకొను గదినైనను ఏసీతోగాని, తేమను పీల్చు యంత్రముతోగాని పొడిగా ఉంచుకొనుట మంచిది. బీరువాను గోడకు ఆనించక బెత్తెడు ఎడముగా నిలుపవలెను.

ముక్కవాసనను పోగొట్టుటకు అగరువత్తులు, సాంబ్రాణి వాడుట మనకలవాటు. ఇవి వాసనను కప్పునే గాని తేమను తీయవు. పైగా పొగను చేర్చును. దోమలచుట్ట పొగయు అట్టిదే. మూసిన గదిలో దానికన్న దోమతెర మేలు. ఇప్పటికే పుట్టిన బూజును ముక్కునకు గుడ్డ కట్టుకొని, సబ్బునీటితో తడిపిన బట్టతో తుడిచి, ఆ చోటును బాగుగా ఆరబెట్టవలెను. బ్లీచింగు నీటిని మరుగుదొడ్డి యాసిడుతో ఎన్నడును కలుపరాదు. ప్రమాదకరమైన విషవాయువు పుట్టును.

రాత్రివేళ బిడ్డ విడువక దగ్గుచున్నచో మంచము వెనుకనున్న గోడను కూడ ఒకసారి తడిమి చూడవలెను. అది చెమ్మగా ఉన్నయెడల ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.